బోనులో గుమాస్తా

ఈ బొత్తాం ఇవాళ ఊడేదే, పొద్దున ఆవిడ చెప్పనే చెప్పింది, ఏమండీ కుడిచేతి బొత్తాం వేలాడుతోంది, ఒక్క నిమిషం నిలబడితే కుట్టేస్తాను అని, తనే నిలబడలేదు, నిలబడితే ముందుగదిలో కుర్చీ అంచున కూర్చుని ఉన్న ఆ ముసలాయన ముఖం ఇంకో నిమిషం చూడాలి, అందుకని ఒక్క దారప్పోగు మీద ఊగుతున్న బొత్తాంతోనే కారెక్కేశాడు, ఇప్పుడు శాసనసభలో ఓటింగు గంట గణగణా మోగుతూంటే దాన్నే బొటనవేలితో అటూ ఇటూ తిప్పుతున్నాడు, అయిదు నిమిషాలు మోగుతుంది ఈ గంట, కారిడార్లలో, క్యాంటీన్లో, మెట్ల మీద ఫోన్లు చెవికి అంటించుకుని తిరిగే సభ్యులందరూ వచ్చి ఎవరి సీట్లలో వాళ్లు పడేదాకా మోగి ఆగుతుంది, ఆగాక తలుపులు మూసేస్తారు, లోపలివాళ్లు లోపలే, బయటివాళ్లు బయటే, అయిదు నిమిషాలంటే ఏమంత, గ్లాసుడు నీళ్లు తాగేలోపు అయిపోతాయి అనుకుని బల్ల మీది నీళ్లు తాగాడు, గ్లాసు ఖాళీ అయింది గానీ గంట మోగుతూనే ఉంది.

ఇదే సీటు ముందు నిలబడి ఇందాక నలభై నిమిషాలు మాట్లాడాడు, మాట్లాడాడు అంటే చిన్నమాట, దంచి పారేశాడు, అవతలి పక్షం టీచరమ్మ తెచ్చిన బిల్లును పీచు పీచు చేశాడు, టీచరమ్మ అంటే రాజకీయాల్లోకి రాకముందు ఆరో తరగతికి లెక్కలు చెప్పిన మనిషి, ఇప్పటికీ ఎవరైనా గోల చేస్తే మాట ఆపేసి వాళ్లవైపే చూస్తూ నిలబడుతుంది, అంత పెద్ద పెద్ద మీసాలవాళ్లూ గప్‌చిప్‌గా కూర్చుంటారు, ఆవిడ బిల్లులో ఉన్నది ఒకటే సంగతి, ముందుగా పదిమందిలో నిలబెట్టి గుర్తుపట్టించకుండా, నేరుగా కోర్టులో, బోనులో ఉన్న మనిషిని సాక్షి వేలెత్తి చూపించిందన్న ఒక్క ఆధారం మీదే శిక్ష పడిన పాత కేసులుంటే వాటిని ఒక కమిటీ మళ్లీ చూడాలి, అంతే, వినడానికి ఎంత అమాయకంగా ఉందో, తను లేచి, అధ్యక్షా, కళ్లారా చూసిన మనిషి నిండు కోర్టులో వణుకుతున్న చేయి ఎత్తి ఇతనే అని చూపిస్తే అంతకు మించిన సాక్ష్యం ఈ లోకంలో ఏముంది అని గొంతు పెంచి, ఆ చేయి ఎలా ఎత్తారో చూపించడానికి తన చేయే ఎత్తి, అప్పుడే కాబోలు బొత్తాం దారం ఇంకాస్త తెగింది, తన పక్షం వాళ్లు బల్లలు చరిచారు, వెనకనుంచి ఎవరో వేలు ప్లీడరు అని కేక కూడా వేశారు, ఆ గోలంతా అణిగాక టీచరమ్మ మెల్లగా లేచి, సభ్యులు గారు ఎంత బాగా మాట్లాడతారో మనందరికీ తెలుసు, నాకొక చిన్న సందేహం, వేలు చూపించేముందు ఆ సాక్షికి బోను ఏ మూల ఉంటుందో తెలుసా తెలియదా అని అడిగి కూర్చుంది, అంతే, ఒక్క వాక్యం, తను నవ్వేశాడు, ఇంతేనా అన్నట్టు చేతులు చాపి అటూ ఇటూ చూశాడు, అలా చూసినప్పుడే తల ఎత్తితే పైన సందర్శకుల గ్యాలరీలో, రెండో వరసలో, పొద్దున ముందుగదిలో కూర్చున్న ముసలాయనే కూర్చుని ఉన్నాడు, పక్కన, తను ఒకప్పుడు జైలుకు పంపిన తాళాలాయన అక్క.

వచ్చేశాడన్నమాట, పొద్దున తను చూద్దాం అన్నాక కూడా, చూద్దాం అంటే ఏమిటో తన దగ్గర పదిహేనేళ్లు గుమాస్తాగా పనిచేసిన మనిషికి తెలియదా, చూద్దాం అంటే చూడం అని, ఆయనే కదా వచ్చిన పార్టీలకు గుమ్మంలోనే అర్థం చెప్పి పంపించేవాడు, సార్ చూద్దామన్నారంటే ఇంకో దారి చూసుకోండమ్మా అని, డెబ్భై దాటి ఉంటాయి, అప్పటి ఆ బొర్ర లేదు, ఆ మీసం లేదు, మెడ చుట్టూ చొక్కా కాలరు వదులుగా వేలాడుతోంది, కాఫీ ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, సార్, ఆ రోజు సాయంత్రం నేను బోనులో నిలబడ్డాను కదా, ఆ మాట కమిటీ వస్తే కమిటీకి చెబుదామనుకుంటున్నాను, మీ ఉప్పు తిన్నవాణ్ని, మీకు ముందు చెప్పకపోతే బాగుండదని వచ్చాను అన్నాడు, వంటగది గుమ్మంలో సూదీ దారం పట్టుకుని నిలబడ్డ ఆవిడ విన్నది, ఖచ్చితంగా విన్నది, సూది చేతిలో అలాగే ఉండిపోయింది, ఏ బోను, ఎవరు నిలబడ్డారు అని అడగలేదు, అడగదు, ఒక్కసారే అడిగింది ఎప్పుడో, ఇక అడగదు.

గురువుగారూ అని చెవి పక్కన గుసగుస, విప్, పార్టీ సభ్యులు ఎటు ఓటు వేయాలో చెప్పి కాపలా కాసే ఉద్యోగం, ఒకప్పుడు తన దగ్గరే జూనియరు, కోర్టులో తన ఫైళ్ల సంచి మోసినవాడు, సాక్షిని ఏం అడగాలో చీటీ రాసిస్తే ఆ చీటీ కూడా తిరగేసి చదివినవాడు, ఇప్పుడు వీడి కనుసన్నల్లో తను కూర్చోవాలి, లేవాలి, వీడు వంగి, అదరగొట్టేశారు గురువుగారూ, టీచరమ్మ బిల్లు అటకెక్కినట్టే, మనవాళ్లలోనే నలుగురైదుగురు మెత్తబడ్డారు గానీ మీ స్పీచ్ విన్నాక సర్దుకున్నారు, కొంచెం దగ్గరదగ్గరగానే ఉంటుంది లెక్క, మీరు ముందు లేస్తే మిగతావాళ్లు మీ వెనకాలే లేస్తారు, న్యాయశాఖ ఈసారి మీకే, పెద్దాయన నోటితోనే అన్నారు, అని చేయి నొక్కి వెళ్లిపోయాడు, న్యాయశాఖ, మూడుసార్లు గెలిచాడు, మూడుసార్లూ పెద్దాయన నోటితోనే అన్నారు, మొదటిసారి కొత్తవాళ్లకు అప్పుడే ఎందుకన్నారు, రెండోసారి ప్రాంతాలవారీగా సర్దాలన్నారు, మూడోసారి ఏమీ అనలేదు, ఫోను ఎత్తలేదు, చట్టం అంటే సెక్షన్ల పుస్తకం అట్ట రంగు కూడా తెలియనివాడు మంత్రి అయి తన పక్కనుంచే ఎర్రలైటు కారులో వెళ్లాడు, ఆ రోజు ఇంటికెళ్లి బూట్లు విప్పకుండా మంచం మీద కూర్చుంటే ఆవిడ వచ్చి లేసులు విప్పుతూ, పోనివ్వండి, మీకున్న పేరు వాళ్లకెవరికుంది అంది, మీకున్న పేరు.

ఆ పేరు ఎక్కడిది, నర్సమ్మ కేసుది, రిటైరైన నర్సు, ఒంటరిగా ఉండేది, ఆ వీధిలో సగంమంది పిల్లలు ఆవిడ చేతుల మీద పుట్టినవాళ్లే, పట్టపగలు ఇంట్లో ఎవరో చంపేశారు, తలుపు పగలగొట్టలేదు, గొళ్లెం చెడలేదు, ఊరు ఊరంతా ఉడికిపోయింది, స్టేషన్ ముందు జనం, ఇన్‌స్పెక్టరుకు ఊపిరాడనివ్వని ఫోన్లు, వారం కిందట ఆ ఇంటికి తాళం బాగుచేయడానికి వచ్చినవాడు ఒకడున్నాడని ఎవరో అన్నారు, అంతే, బజారు మూల రేకుడబ్బా పక్కన కూర్చుని తాళాలకు చెవులు కోసే మనిషిని పట్టుకొచ్చి లోపల పడేశారు, సన్నగా, పొడుగ్గా, ముప్పై ఏళ్లుంటాయేమో, ఆ వేళకు నేను నా డబ్బా దగ్గరే ఉన్నానండి అన్నాడు, చూసినవాళ్లెవరు అంటే ఎవరూ లేరు, ఎండకు బజారు ఖాళీ, ఎదురింటి మేడమీద కిటికీ దగ్గర కుట్టుమిషను తొక్కుకునే ఆవిడ మాత్రం, మధ్యాహ్నం ఎవరో గేటు దగ్గరగా వేసి వెళ్లడం చూశానంది, వీపు, కాస్త చెంప, అంతే చూశాను సార్ అంది మొదట, మొదట అన్న మాటలు ఎవరికి కావాలి, పదిమందిలో నిలబెట్టి గుర్తుపట్టించండి అని, ప్రభుత్వం తరఫు ప్లీడరు కదా, తను ఇన్‌స్పెక్టరుతో అన్నాడు, అన్నాడా, అన్నాడు, ఒకసారి అన్నాడు, ఆయన తల గోక్కుంటూ ఆ తతంగం ఎందుకు సార్, అందులో ఈవిడ ఇంకొకణ్ని పట్టుకుందంటే మన కొంప కొల్లేరవుతుంది, నేరుగా కోర్టులోనే చూపిస్తుంది లెండి అన్నాడు, తను సరే అన్నాడు, చేసే ఉంటాడు, తాళం తెలిసినవాడు, ఇల్లు తెలిసినవాడు, ఇంకెవరు చేస్తారు, చేసే ఉంటాడు.

గంట ఇంకా మోగుతోంది, ముందువరస లావాటి సభ్యుడు ఆయాసపడుతూ వచ్చి కూలబడ్డాడు, కుర్చీ కీచుమంది, ఆ కోర్టు హాల్లో కుర్చీలన్నీ ఇలాగే కీచుమనేవి, సాయంత్రం అయిదు దాటాక, జడ్జిగారు వెళ్లిపోయాక, ఖాళీ హాల్లో ఆ కీచు ఇంకా పెద్దగా వినిపించేది, సాక్షుల్ని ముందురోజు సాయంత్రం తీసుకొచ్చి ఖాళీ హాలు చూపించడం తన పద్ధతి, తన సొంత పద్ధతి, పాపం జనానికి కోర్టంటే భయం, నల్లకోట్లను చూస్తే నాలుక మడతపడిపోతుంది, అందుకని ఇక్కడ నువ్వు నిలబడతావు, అక్కడ జడ్జిగారు, ఇక్కడ నేను, నేను అడిగింది విని ఒక్క క్షణం ఆగి, హాలంతా ఒకసారి చూసి, తొందరపడకుండా చెప్పాలి అని నేర్పించేవాడు, ఇందులో తప్పేముంది, జూనియర్లు మెచ్చుకునేవారు, ఇప్పటి ఈ విప్‌గాడు కూడా నోటుబుక్కులో రాసుకున్నాడు, ఆ సాయంత్రం కుట్టుమిషనావిడ వచ్చింది, చేతిసంచి గుండెలకు హత్తుకుని, సాక్షి నిలబడేచోట నిలబెట్టాడు, అవతల ఖైదీ బోను ఖాళీగా ఉంటే సాక్షి చూపు ఎక్కడ ఆనాలో తెలియదు, అందుకని ఎవరినో ఒకరిని అందులో నిలబెడతాడు ఎప్పుడూ, ఆ రోజు గుమాస్తాను నిలబడమన్నాడు, ఆయన ఫైళ్ల కట్ట కింద పెట్టి, బొర్ర ముందుకేసుకుని, బోను చిన్నగేటు తీసుకుని లోపలికి వెళ్లి నిలబడ్డాడు, ఆ గేటుకు గడియ పడేది కాదు, చేత్తో పట్టుకోవాలి, ఆయన పట్టుకుని నిలబడ్డాడు, ఎవరు ఆ నిలబడ్డది అన్నది ఆవిడకు చెప్పడం తను మరిచిపోయాడు, ఎప్పుడూ చెబుతాడు, ఇది మన మనిషేనమ్మా, రేపు అసలువాడుంటాడు అని, ఆ రోజు ఎందుకో, మర్నాటి ప్రశ్నలు తలలో తిరుగుతూ, మరిచిపోయాడు, ఆ మధ్యాహ్నం నువ్వు చూసిన మనిషి ఇక్కడ ఉన్నాడా అమ్మా అని అడిగాడు.

ఆవిడ ఒక్క క్షణం ఆగింది, నేర్పించినట్టే, హాలంతా చూసింది, నేర్పించినట్టే, చూపు బోను మీదికి వెళ్లేసరికి ముఖం తెల్లబోయింది, చేయి ఎత్తింది, ఆ చేయి వణికింది, అది మాత్రం ఎవరూ నేర్పించలేదు, అతనే సార్ అంది, అతనే, ఇతన్నే నేను చూసింది, అని బొటబొటా ఏడ్చేసింది, నలభై ఎనిమిదేళ్ల గుమాస్తాను చూపించి, బొర్ర, మీసం, పొట్టి, తాళాలాయన భుజం దాకా కూడా రాని మనిషిని చూపించి, ఆ ఏడుపు అబద్ధం కాదు, అదే ఘోరం, ఆవిడకు నిజంగానే గుర్తొచ్చేసింది, గుమాస్తా ముందు బిత్తరపోయి తర్వాత పకపకా నవ్వి, అమ్మా తల్లీ, నేను ఈయనగారి గుమాస్తాని, నన్ను జైల్లో పెడితే సార్ ఫైళ్లు ఎవరు మోస్తారు అన్నాడు, ఆవిడ సిగ్గుతో సంచిలో ముఖం దాచుకుంది, తనూ నవ్వాడు, నవ్వాడు కదూ, నవ్వాడు, పర్వాలేదమ్మా, రేపు అక్కడ అసలు మనిషి ఉంటాడు అన్నాడు, ముగ్గురూ మెట్లు దిగుతూ కూడా నవ్వుకున్నారు, అంతే, అదంతా అయిదు నిమిషాల సంగతి, ఈ గంట మోగినంతసేపు.

మర్నాడు ఆవిడ అలాగే ఆగి, అలాగే హాలంతా చూసి, అలాగే చేయి ఎత్తింది, అదే మూలకు, అదే ఎత్తుకు, కాస్త కిందికేనేమో కూడా, తాళాలాయన పొడుగు కదా, ముఖానికి కాకుండా ఛాతీకి చూపించినట్టుంది వేలు, గుమాస్తా ముఖం ఉండే ఎత్తు అది, ఆ సంగతి ఆ హాల్లో ఇద్దరికే తెలిసింది, తను గుమాస్తా వైపు చూడలేదు, గుమాస్తా కాగితాల్లోంచి తల ఎత్తలేదు, అవతలి లాయరు ప్రభుత్వం పెట్టిచ్చిన పిల్లలాయరు, అతనికి ఏం అడగాలో తెలియలేదు, తాళాలాయన మాత్రం, నన్నెందుకు చూపించిందండీ ఆవిడ, నేనెప్పుడూ చూడలేదే ఆవిణ్ని అన్నాడు, ఎవరితో అన్నాడో, గాల్లోకి అన్నాడు, జడ్జిగారు నీ వంతు వచ్చినప్పుడు మాట్లాడు అన్నారు, యావజ్జీవం, పేపర్లో తన ఫొటో, చేయి ఎత్తి వాదిస్తున్న ఫొటో, అప్పట్నుంచి వేలు ప్లీడరు, తర్వాత ఎన్నికల గోడబొమ్మల నిండా ఆ వేలే, తప్పు చేసినవాణ్ని వేలెత్తి చూపే మొనగాడు అని మైకుల్లో హోరు, పార్టీ పెద్దలు ఇంటికొచ్చి, జనం మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంటారండీ అన్నారు, నిజంగానే పెట్టుకున్నారు, మూడుసార్లు, ఆ రాత్రి కాదు, ఆ వారంలో ఒక రోజు ఇంట్లో అన్నం వడ్డిస్తూ భార్య అడిగింది, నిజంగా అతనే చేశాడా అండీ, అని, మామూలుగానే అడిగింది, పేపర్లో ఫొటో చూసి జాలేసిందేమో, తను కంచం తోసేసి లేచాడు, కోర్టు తేల్చాక నువ్వు తేల్చేదేమిటి అని అరిచాడు, పక్కగదిలో పాప నిద్ర లేచి ఏడ్చింది, అంత కోపం ఎందుకొచ్చిందో అప్పుడు ఆలోచించలేదు, పని ఒత్తిడి అనుకున్నాడు.

ఒక మూల తలుపు దగ్గర మార్షల్ నిలబడి గడియారం చూసుకుంటున్నాడు, ఇంకా రెండు నిమిషాలుంటుంది, గ్యాలరీలో తాళాలాయన అక్క ముందుకు వంగి రెయిలింగు పట్టుకుని కూర్చుంది, ఆవిడ తన నియోజకవర్గమే, ఓటు తనకే వేస్తుందట, ఆ మాట కూడా ఆవిడే చెప్పింది, వినతులు తీసుకునే రోజున, వరసలో రెండు గంటలు నిలబడి లోపలికొచ్చి, మీరే సార్ మా తమ్ముడికి శిక్ష వేయించింది, మీ మీద నాకు కోపం లేదు, కేసు మీకు తెలిసినంత ఎవరికీ తెలియదు కదా, అందుకే మీ దగ్గరికే వచ్చాను, వాడు ఆ పని చేశాడంటారా, మీరే ఒక్కసారి చూడండి అంది, చూద్దాం అమ్మా అన్నాడు, మళ్లీ వచ్చింది, చూద్దాం అమ్మా, పదేళ్లు, పదిహేనేళ్లు, జుట్టు నెరిసింది, మోకాళ్లు అరిగాయి, చూద్దాం అమ్మా, మధ్యలో జైలు నుంచి విడుదల చేసే బోర్డువాళ్లు పాత ప్రాసిక్యూటరుగా తన అభిప్రాయం అడిగారు, ఖైదీ చేసిన తప్పు ఒప్పుకోవడం లేదు, చేయనిదానికి ఎలా ఏడవమంటారు అంటున్నాడు, మీరేమంటారు అని, తను రెండు ముక్కలు రాసి పంపాడు, పశ్చాత్తాపం లేదు అని, సంతకం పెట్టి, కింద తేదీ వేసి, ఆ రోజే పెళ్లికి వెళ్లాడు ఎవరిదో, కడుపునిండా తిన్నాడు, ఇరవై రెండేళ్లయింది ఆ మనిషి లోపల, కుట్టుమిషనావిడ మొన్న చలికాలంలో పోయింది, ఇక ఆ సాయంత్రం తెలిసినవాళ్లు ఇద్దరే మిగిలారు, ఒకరు కింద సీట్లో, ఒకరు పైన గ్యాలరీలో.

గుమాస్తా పొద్దున గుమ్మం దాకా వచ్చి చెప్పులేసుకుంటూ ఇంకో మాట కూడా అన్నాడు, అదీ ఇప్పుడే గుర్తు రావాలా, ఆ బోను గేటు గడియ పడేది కాదు గుర్తుందా సార్, విచారణ జరిగిన నాలుగు రోజులూ ఆ అబ్బాయి ఊరికే కూర్చోలేక, చేతికి దొరికిన తీగముక్కతో ఆ గడియ బాగుచేశాడు, కానిస్టేబుల్ కూడా చూసి నవ్వాడు, తీర్పు రోజుకు టక్కుమని పడింది, నేను రిటైరయ్యేదాకా రోజూ ఆ హాలుకు వెళ్లేవాణ్నా, ఎవణ్నో లోపల పెట్టి గేటు వేస్తే టక్కుమనేది, ఆ చప్పుడు విన్నప్పుడల్లా, సార్, నేను నిలబడ్డచోట వాడు నిలబడ్డాడు అనిపించేది, అని, అప్పుడెందుకు చెప్పలేదు మరి అని తను ఎగిరాడు, ముసలాయన తల వంచుకుని, అప్పుడు మీరు నవ్వారు సార్, మీరు నవ్వితే సరేనేమో అనుకున్నాను, నా తప్పే, అన్నాడు, నా తప్పే అన్నాడు ఆయన, తన దగ్గర ఉద్యోగం చేసినందుకు, తను నవ్వితే నవ్వినందుకు, ఆ మాటకు తను ఏమన్నాడు, సరే చూద్దాం అన్నాడు.

ఆగింది గంట, ఆగేసరికి చెవుల్లో హోరు, మార్షళ్లు తలుపులు దగ్గరికి లాగారు, ఒకటి, రెండు, మూడు, నాలుగో తలుపు గడియ టక్కుమంది, స్పీకరు కళ్లజోడు సర్దుకుని బిల్లుకు అనుకూలంగా ఉన్నవారు లేచి నిలబడండి అన్నారు, అవతలి పక్షమంతా లేచింది, టీచరమ్మ లేచింది, తన పక్షంలోనూ చివర కూర్చున్న ఒకతను, ఇంకొకతను తలలు దించుకుని లేచారు, లేవచ్చు, ఇప్పుడు లేవచ్చు, ఎవరూ పట్టుకుని కూర్చోబెట్టలేదు, రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి ఒంటి బరువు ముందుకు వేస్తే చాలు, లేస్తే న్యాయశాఖ పోతుంది, టికెట్టు పోతుంది, పోతే ఏం, అరవై దగ్గరపడింది, కమిటీ వస్తుంది, గుమాస్తా చెబుతాడు, రేపు పేపర్లో ఆ పాత ఫొటోయే వేస్తారు, ఆ చేయి ఎత్తిన ఫొటోయే, కింద వేరే మాటలతో, పాప చదువుతుంది, పాపకిప్పుడు పాతికేళ్లు, అయినా చేసే ఉంటాడు, గుమాస్తాను చూపించినంత మాత్రాన అతను చేయలేదని కాదు కదా, ఆవిడ పొరపాటు పడినంత మాత్రాన, చేసే ఉంటాడు, కూర్చోండి అన్నారు స్పీకరు, అందరూ కూర్చున్నారు, వ్యతిరేకంగా ఉన్నవారు లేవండి అన్నారు, ఆ మాట పూర్తికాకముందే తను లేచి ఉన్నాడు, అందరికంటే ముందు, ఎప్పుడు లేచాడో తెలియలేదు, కుర్చీ వెనక్కి జరిగి కీచుమంది, బల్ల అంచుకు తగులుకుని బొత్తాం ఊడి ఎటో దొర్లిపోయింది, తన వెనక బిలబిలమంటూ వరసలు వరసలుగా లేచారు, విప్ దూరం నుంచి కళ్లతోనే దండం పెట్టాడు.

లెక్కపెట్టే అధికారి చేతిలో పెన్నుతో వరసల వెంట నడుస్తున్నాడు, ఒక్కో మనిషివైపు పెన్ను చాపడం, పెదవులు కదిపి అంకె చెప్పుకోవడం, ముందుకు పోవడం, ముఖాలు చూడడం లేదు, ఆ చోట ఒకడు నిలబడి ఉన్నాడా లేదా అదే చూస్తున్నాడు, పెన్ను తనవైపు వచ్చింది, ఛాతీ దగ్గర ఆగింది, పద్దెనిమిది అంది ఆయన పెదవి, పోయింది, పైన గ్యాలరీలో అక్క కళ్లు మూసుకుంది, గుమాస్తా మూసుకోలేదు, చూస్తున్నాడు, కోపంగా కాదు, తన మనిషి పడిపోతుంటే చూసినట్టు చూస్తున్నాడు, ఆ చూపును ఎక్కడో చూశాడు తను, ఎక్కడ, కోర్టు కారిడార్లో, నీళ్ల పంపు దగ్గర, సాక్ష్యం చెప్పి బయటికొచ్చిన కుట్టుమిషనావిడ, అవును, ఆవిడే, ఇన్నాళ్లూ ఎక్కడ పడి ఉందో ఈ ముక్క, ఆవిడ పంపు కింద చేతులు కడుక్కుంటూ, కడుక్కుంటూనే ఉండి, సార్, అతనేనా, అని అడిగింది, అదేమిటమ్మా, నువ్వే కదా చూపించావు అన్నాడు తను, నిన్న పొరపాటు పడ్డాను కదా సార్, అందుకని అడుగుతున్నాను, మీకు తెలుసు కదా, మీరు అవునంటే నాకు నిద్ర పడుతుంది అంది, అవునమ్మా, అతనే, ఇంటికెళ్లి హాయిగా పడుకో, అన్నాడు, ఎంత సులువుగా అన్నాడో, చెయ్యి తుడుచుకున్నంత సులువుగా, ఆవిడ చూపించింది కాబట్టి తను అతనే అన్నాడు, తను అతనే అన్నాడు కాబట్టి ఆవిడ నమ్మింది, ఆవిడ తననడిగింది, ఆవిడ, కళ్లారా చూశానన్న మనిషి, వచ్చి తననడిగింది, అన్నం వడ్డిస్తూ భార్య అడిగింది, వరసలో నిలబడి అక్క అడిగింది, గాల్లోకి చూస్తూ ఆ తాళాలాయనే అడిగాడు, రోజూ ఆ గడియ చప్పుడు విని విని గుమాస్తా లోలోపల అడిగాడు, అందరికీ ఆ అనుమానం వచ్చింది, తన ఒక్కడికే రాలేదు, చేసే ఉంటాడు, చేసే ఉంటాడు అని ఇరవై రెండేళ్లు అనుకున్నాడే గానీ, చేశాడా అని, ఎవరినీ కాదు, తనను తనైనా, ఒంటరిగా ఉన్నప్పుడైనా, ఒక్కసారి అడగలేదు, గుండెల్లో ఏదో ముల్లు గుచ్చుకుంటోందని, అది పాపభయమని, తనూ మనిషేనని ఇన్నేళ్లూ లోలోపల మురిసిపోయాడు, అదేమీ కాదు, ఆ ముల్లంతా తన సీటు గురించే, కూర్చోండి అంటున్నారు స్పీకరు, బిల్లు మూడు ఓట్ల తేడాతో వీగిపోయిందంటున్నారు, బల్లలు చరుస్తున్నారు, అందరూ కూర్చున్నారు, తనొక్కడే ఇంకా నిలబడి ఉన్నాడు, బొత్తాం లేని చేతిని రెండో చేత్తో పట్టుకుని, ఆ మనిషి చేశాడో లేదో తనకు ఎన్నడూ అక్కర్లేకపోయింది.